చేపలన్న డైరెక్ట్ ఇచ్చిన మోటరు

చేపలన్న పోయిండన్న ముచ్చట తెలిసినప్పుడు నా నోట్ల దారం ఉంది.

మాది హనుమకొండల చిన్న బ్యూటీ పార్లర్. కనుబొమ్మలు తీసేటప్పుడు దారం ఒక కొస పండ్లతోని పట్టుకొని, రెండు చేతులతోని ఆడించాలె. కుర్చీల కండ్లు మూసుకొని కూసున్నామె, "అక్కా, మీ కాడికి చేపల తొట్టి చూసెటందుకు ఒకాయన వచ్చేటోడు గద, లేడట. గుండె ఆగి పోయిండట" అన్నది. నోట్ల దారం ఉన్నోళ్ళు ఏమంటరు? ఊఁ అన్న. రెండో కనుబొమ్మ గూడ తీసిన, సక్కగనే వచ్చింది. ఆమె పోయినంక స్టూలు మీద కూలవడి "అయ్యో పాపం" అందామని నోరు తెరిచిన. ఆ మాట రాలే. "దొంగసచ్చినోడు" అని వచ్చింది.

మూలకు కూసున్న మా అత్తమ్మ గయ్యిమన్నది. "పోయినోన్ని గట్లంటరానే? గది నోరా, మోరీనా?"

"నోరే అత్తమ్మా. ఇంకా చాన అనాలె, బయట కస్టమర్లున్నరని ఊకున్న."

చేపలన్న అసలు పేరు మేమెవ్వలం పిలువలే. దుకాణం బోర్డు మీద ఉండె గని, దాని ముంగట ఎప్పుడూ మేత ప్యాకెట్లు ఏలాడుతుండె. చేపల దుకాణం పెట్టకముందు ఆయన స్టేషన్ ఘన్‌పూర్ దిక్కు ఊళ్ళల్ల బోరు మోటర్ల మెకానిక్. బోర్లకెల్లి మోటరు గుంజుడు, కాలితే వైండింగ్ చుట్టుడు, మళ్ల దించుడు. నడుము పట్టేసి ఆ బరువులు మొయ్యలేక, అరచేతిల పట్టే మోటర్ల కాడికి వచ్చిండు. "గదీ నీళ్ళల్ల మునిగే మోటరే చెల్లె, గిదీ మునిగే మోటరే. అది చేనును బతికిస్తది, ఇది చేపను బతికిస్తది. పనొక్కటే" అనేటోడు.

మనిషి సన్నగ, పొడుగ్గ ఉండేటోడు. అందరు జేబుల పెన్ను పెట్టుకుంటె ఆయన టెస్టర్ పెట్టుకునేటోడు. ఎవరింటికి పోయినా చెప్పులు ఇడువకపోతుండె. దేవుని పటం ఉన్న అర్రలకు సుత రబ్బరు చెప్పులతోనే వచ్చేటోడు. ఎంతమంది తిట్టిండ్రో! "కరెంటుకు దేవుడు తెల్వదు, రబ్బరే తెలుసు" అని నవ్వేటోడు. మోటరు మంచిగున్నదా లేదా చూసుడు ఒక పెద్ద తతంగం. పెద్ద స్క్రూడ్రైవర్ కొస తొట్టి అద్దానికి ఆనిచ్చి, పిడి చెవుకు పెట్టుకొని కండ్లు మూసుకునేటోడు. పార్లర్ల ఉన్న ఆడోళ్ళందరం గాజులు సుత సప్పుడు చెయ్యకుండ నిలవడేది. జరసేపటికి కండ్లు తెరిచి, "ఈమెకు జలుబైంది చెల్లె" అనేటోడు. మోటరును "ఈమె" అనేటోడు, అది అనంగ నేనెప్పుడూ ఇనలే.

నాకు ఉప్పునీళ్ళ చేపల పిచ్చి పట్టింది ఒక పెండ్లిల. హైదరాబాదుల ఫంక్షన్ హాలు గుమ్మంల తొట్టి ఉంది, అండ్ల నారింజ రంగు చేపలు, ఒంటి మీద తెల్ల పట్టీలు. బువ్వ తినుడు ఇడిసిపెట్టి అక్కన్నే నిలవడ్డ. తెల్లారి సీదా చేపలన్న దుకాణంకు పోయి, "నాకు గసొంటియి కావాలె" అన్న.

"వద్దు చెల్లె" అన్నడు. "మంచినీళ్ళ చేప తప్పు చేస్తె మాఫ్ చేస్తది. ఉప్పునీళ్ళది చెయ్యది. అయినా ఓరుగల్లుకు సముద్రం నేనెక్కడికెల్లి తేవాలె?"

"చేపలన్నవు గద, నువ్వే తేవాలె."

తెచ్చిండు. నీలం డ్రమ్ముల సముద్రం ఉప్పు పోసి, కట్టెతోని కలిపి, వేలు ముంచి నాలికకు రాసుకొని, పక్కకు తుప్పుమని ఊంచి, "జర తక్కువైంది" అన్నడు. ఉప్పు కొలిచే సామాను సంచిల ఉండంగనే నాలికె ముందు, కొలత ఎనుక. "చారు చూసినట్టు చూస్తాండేందే వీడు" అని మా అత్తమ్మ కడుపు పట్టుకొని నవ్వింది. ఆయన గూడ నవ్విండు. ఆ దినంకెల్లి ఆమెను "అమ్మా" అని, నన్ను సొంత చెల్లె లెక్క చూసుకున్నడు. రాఖీ పున్నానికి నేను రాఖీ కట్టేదాన్ని. అది తెగి పడిపోయేదాంక తియ్యకపోయేటోడు. ఉప్పునీళ్ళల్ల నాని నాని దారం తెల్లగ పేలాలు అంటినట్టు అయ్యేది. "తియ్యరాదె, అసయ్యంగున్నది" అంటె, "చెల్లె కట్టింది, దానంతట అదే పోవాలె" అనేటోడు. గిసొంటియి యాదికొస్తేనే నాకు ఒళ్ళు మండుతది.

కరెంటు గురించి నాకు తెలిసిందంత ఆయన చెప్పిందే. "మంచినీళ్ళల్ల కరెంటు కుంటుకుంట నడుస్తది. ఉప్పునీళ్ళల్ల దానికి నల్లేరు మీద బండి నడకే" అన్నడు. మంచినీళ్ళ మోటరు లోపల ఇనుప కడ్డీ ఉంటదట, ఉప్పు తగిలితె తుప్పు పడుతదట. తుప్పు పట్టినంక సీలు పగులుతది, సీలు పగిలితె వైండింగ్ తడుస్తది, ఇగ కరెంటు నీళ్ళల్లకు వస్తది. ఉప్పునీళ్ళకు పింగాణి కడ్డీ ఉన్న మోటరే ఎయ్యాలె. వైరు ప్లగ్గు కంటే కిందికి ఊయల లెక్క ఏలాడాలె, నీటిబొట్టు వైరెంబడి ప్లగ్గులకు పోకుండ కింద పడాలె. నీళ్ళల్ల చెయ్యి పెట్టేముందు ప్లగ్గు పీకాలె. గివన్ని నాతోని పిల్లలకు ఎక్కాలు చెప్పిచ్చినట్టు చెప్పిచ్చిండు.

అత్తమ్మకు మోకాళ్ళు వంగవు. ప్లగ్గేమో తొట్టి ఎనుక, కింద. తొట్టి తుడుసుడు, మేతేసుడు ఆమె పనే, ఇంకెవ్వలను ముట్టనియ్యకపోయేది. అప్పట్ల ఆమె మా పార్లర్ల పెండ్లికూతుర్లకు పూలజడలు అల్లేది. కుప్పల కొద్ది మల్లెమొగ్గలు ముంగటేసుకొని, చేపలను చూసుకుంట అల్లేది. ఆమె కోసమని చేపలన్న గోడకు ఒక ట్రిప్పర్ పెట్టిండు. నీళ్ళల్లకు ఒక ఎర్త్ తీగ దించిండు. కరెంటు రవ్వంత దారి తప్పినా ట్రిప్పర్ టక్కున పడి సప్లయి తెంపుతదన్నట్టు.

"అమ్మా, ఇగ నువ్వు వంగి ప్లగ్గు పీకే పని లేదు" అన్నడు. "ఇది ఉన్నదాంక నువ్వు గాజుల చేతులు పెట్టు, ఫికర్ లేదు. నేనున్న."

నేనున్న అన్నడు. బాగ యాదున్నది నాకు.

ఆయన చెప్పే ముచ్చట ఒకటుండె, ఎన్నిసార్లు చెప్పినా కొత్తగ చెప్పినట్టే చెప్పేటోడు. మోటర్ల మెకానిక్‌గ ఉన్నప్పటిది. ఎండకాలం, వరి పొట్టకొచ్చింది, ఒక రైతు మోటరు ఊకె ఆగిపోతాంది. స్టార్టర్ల ఒక రిలే ఉంటది, మోటరు మీద బరువు పడితే అది కరెంటును తెంపుతది. ఆ రైతు మడి గట్టు మీద కూసొని ఏడుస్తాండట. చేపలన్న పోయి ఆ రిలేను పక్కకు పెట్టి వైరు వైరు కలిపి డైరెక్ట్ ఇచ్చిండు. మోటరు ఆగలే. చేను దక్కింది. మోటరు కాలింది. "కాలిన మోటరును చుట్టొచ్చు చెల్లె, ఎండిన చేనును ఎవ్వడు చుట్టిస్తడు?" అని అనుకుంట సాసర్ల పోసుకున్న చాయ్ జుర్రున తాగేటోడు. మా ఊళ్ళ దిక్కు డైరెక్ట్ ఇయ్యరాని మెకానిక్ ఉంటె వాన్ని మెకానిక్ అనరు. నీళ్ళు ఆగొద్దు, గదొక్కటే లెక్క. ఆ ముచ్చట ఇని నేను చప్పట్లు కొట్టిన.

రెండేండ్లు మంచిగ నడిచింది. ఒక ఎండకాలం మోటరు కాలింది. చేపలన్న ఉరికొచ్చి, "హైదరాబాద్‌కెల్లి ఉప్పునీళ్ళదే కొత్తది తెప్పిస్త" అన్నడు. డబ్బాలనే తెచ్చి బిగించిండు. బిగించినప్పటికెల్లి ట్రిప్పర్ పడుడు మొదలైంది. పొద్దుగాల పడుతది, మాపటికి పడుతది. ఫోన్ చేస్తె వచ్చి, స్క్రూడ్రైవర్ చెవుకు పెట్టుకొని ఇని, "మోటరు మంచిగున్నది, ట్రిప్పరే ఖరాబైంది" అన్నడు. డబ్బా ఇప్పి ఏందో చేసిండు. "అయిపోయింది చెల్లె, ఇగ పడది."

నిజంగనే పడలే. నేను సంబురపడ్డ. మిర్చిలు తెప్పిచ్చి తినిపిచ్చిన ఆయనకు.

ఆ తర్వాత ఒక శుక్రవారం పొద్దుగాల. నేల తుడిసినం, ఇంకా తడి ఆరలే. అత్తమ్మ దీపం ముట్టిచ్చి, చెప్పులు పక్కకే ఇడిసి, అద్దానికి పట్టిన నాచు తుడుద్దామని తొట్టిల చెయ్యి పెట్టింది. నేను ఒక పెండ్లికూతురు చేతికి వ్యాక్స్ పూస్తాన్న. "హుక్" మని సప్పుడొచ్చింది. తిరిగి చూసేవరకు అత్తమ్మ బిర్రబిగుసుకపోయింది, కండ్లు పైకి పోయినయి. నేను ఒర్లుతాన్న, నా కాళ్ళు కదుల్తలేవు. ఆ పెండ్లికూతురే, చేతికి వ్యాక్స్ ఉండంగనే ఉరికి మెయిన్ బంద్ చేసింది. అత్తమ్మ కూలవడ్డది. చేపలకు ఏం కాలే. తీగ మీద కూసున్న పిట్టకు ఏం తెల్వనట్టు, అవి ఈదుకుంటనే ఉన్నయి.

ఆటోల దవాఖానకు తీస్కపోయినం. బతికింది. కుడిచేతి వేళ్ళు మాత్రం తిమ్మిరి పట్టినయి పట్టినట్టే ఉన్నయి. మొగ్గ పట్టుకున్నదో లేదో ఆమెకు తెల్వది, దారం జారిపోతది. పూలజడలు బంద్ అయినయి. ఇప్పుడు మేం జడలు బయట అల్లిచ్చి తెస్తున్నం. అవి వచ్చినప్పుడు ఆమె ముఖం పక్కకు తిప్పుకుంటది.

తెల్లారి వేరే ఎలక్ట్రీషియన్‌ను పిలిపిచ్చినం. ట్రిప్పర్ డబ్బా ఇప్పి చూపిచ్చిండు. లోపల వైరు వైరు కలిపి డైరెక్ట్ ఇచ్చి ఉంది. మీద స్విచ్చు ఉత్తగ బొమ్మ లెక్క నిలవడ్డది. నీళ్ళల్లకు దించిన ఎర్త్ తీగ గూడ తెంపి, తొట్టి ఎనుకకు మలిచి ఉంది. మోటరు బయటికి తీసి చూస్తె కొత్తది కాదు. ఒకపారి కోసి, లోపల వైండింగ్ చుట్టి, మళ్ల నల్లటి బంకమందు పోసి మూసింది. కడ్డీ ఇనుముది. తుప్పు చేతికి అంటింది.

ఇనుప కడ్డీ ఉప్పుల ఎయ్యొద్దని నాకు చెప్పిందెవడు?

మా ఆయన కొడుత అని లేచిండు. వద్దని నేనే పోయిన, మోటరును కవర్ల ఏసుకొని. చేపలన్న దుకాణంల ఎవరికో చేపలు ప్యాక్ చేస్తాండు, కవర్ మూతికి రబ్బరు బ్యాండు చుట్టుకుంట. నన్ను చూసిండు, నా చేతిల కవర్ చూసిండు. రబ్బరు బ్యాండు చుట్టుతనే ఉన్నడు, ఇగ చుట్టెటందుకు జాగ లేకున్నా.

"అమ్మ ఎట్లున్నది?" అన్నడు.

"నువ్వే చెప్పు, ఎట్లుండాలె?"

"చెల్లె, ట్రిప్పర్ ఊకె పడుతాంది. నీళ్ళు ఆగితె చేపలు సస్తయి, నువ్వు ఏడుస్తవు. గందుకే డైరెక్ట్ ఇచ్చిన."

"ఒక్క మాట చెప్తే ఏం పోతుండె అన్నా? అత్తమ్మను ప్లగ్గు పీకొద్దన్నది నువ్వే గద. ట్రిప్పర్ తీసేసిన, ఇగ జాగ్రత్త అని ఒక్క మాట!"

ప్యాక్ చేసిన చేపలను గిరాకి చేతిల పెట్టిండు.

"మరి మోటరో? కొత్తదంటివి."

"నా చేతులతోని చుట్టిన. మంచిగ చుట్టిన" అన్నడు. ఆ మాట అన్నప్పుడు గొంతుల జర గర్వం సుత ఉండె, నాకు ఇనొచ్చింది. తర్వాత తల దించుకున్నడు. "తెల్వక చేసిన చెల్లె. ఊళ్ళల్ల అందరికి గట్లనే ఇస్తిమి. గింత పని అయితదని నిజంగ తెల్వలే."

కవర్ అక్కన్నే ఇడిసిపెట్టి వచ్చిన. మళ్ల ఆ దుకాణం మెట్టెక్కలే. తొట్టి తీసేయిచ్చిన, చేపలను అడిగినోళ్ళకు ఇచ్చిన. రాఖీ పున్నం నాడు దుకాణం ముంగట నిలవడి పార్లర్ దిక్కు చూస్తాండని ఎవలో చెప్పిండ్రు. చూస్తె చూడనియ్యిన్రి అన్న.

కని లోపల ఒకటే ప్రశ్న తొలుస్తుండె. తెల్వక చేసిండా, తెలిసి చేసిండా? తెల్వక చేస్తె, అది చేను కాడి అలవాటు. ఏండ్లకేండ్లు రైతులకు డైరెక్ట్ ఇచ్చి ఇచ్చి, మోటరు ఆగుడే పెద్ద ఆపద అని తలకెక్కింది, మనిషి చెయ్యి పెడుతడన్నది మతికి రాలే. గట్లయితె తిట్టుకుంటనే మాఫ్ చెయ్యొచ్చు. తెలిసి చేస్తె మాత్రం, చుట్టిన మోటరు సంగతి బయట పడొద్దని మా అత్తమ్మ పానం మీదికి తెచ్చినట్టు. అత్తమ్మ మాత్రం ఎప్పుడు ముచ్చట వచ్చినా, "వానికి తెల్వదే బిడ్డా. మోటర్లోడు, నీళ్ళు ఆగొద్దన్నదే వాని లోకం" అనేది. స్పూన్‌తోని అన్నం తినుకుంట అనేది. నేను పైకి లొల్లి చేసేదాన్ని గని, లోపల ఆమె మాటనే పట్టుకొని ఉన్న. నాకు అన్న కావాలని ఉండె.

పోయిండని తెలిసినంక అత్తమ్మ పట్టువట్టింది. "నా మోకాళ్ళతోని ఆటో ఎక్కలేను. నా తరపున నువ్వు పో. పలుకరియ్యకపోతె పాపం తగుల్తది." ఆమెనే పొమ్మంటుంటె నేను కాదంటనా? హసన్‌పర్తిల వాళ్ళిల్లు. ఆటోల పోయిన.

ఆయన భార్యను నేను అప్పటిదాంక చూడలే. ఆమె మాత్రం రాఖీ ఫోటోలల్ల చూసిందేమో, నన్ను చూడంగనే గుర్తువట్టింది. "నువ్వు పార్లర్ చెల్లెవు గద? నీ మాట ఎత్తని దినం లేకుండె" అని నా చేతులు పట్టుకొని ఏడ్చింది. నాకూ ఏడుపొచ్చింది, అబద్ధమెందుకు. పక్కన కూసున్న. ఎండ దంచుతాంది, కూలర్ నడుస్తాంది. ఏదో ఒకటి మాట్లాడాలె గద, అన్న కరెంటు పని మంచిగ చేసేటోడని అన్న. మాట ఎట్లొచ్చిందో అట్ల అన్న, మనసుల ఏం పెట్టుకోలే.

"అయ్యో, ఇంట్ల ఆయన కరెంటు పిచ్చి అడుగకు చెల్లె" అన్నదామె కండ్లు తుడుసుకుంట. "మేము ఈ ఇల్లు కట్టుకున్న కొత్తల, గిసొంటి ఎండలే, అప్పటి కూలర్ పెడితె సాలు ట్రిప్పర్ పడుతుండె. ఉడుకకు పిల్లలు ఏడుస్తాండ్రు. నీకు వచ్చిన పనే గదయ్యా, డైరెక్ట్ ఇయ్యరాదు అన్న. నా మీదికి చెయ్యెత్తిండు. ఒక్కనాడు చెయ్యెత్తని మనిషి! 'పిచ్చి లేసిందా నీకు? ఇదేమన్న చేనా? ఇంట్ల మనుషులున్నరు, ఎవలన్న ముట్టుకుంటె సస్తరు' అని కూలర్‌నే బయట పారేసిండు."

 "ఇల్లు ఎప్పుడు కట్టుకున్నరు వదినే?" అన్న.

"మీ పార్లర్ల చేపలు పెట్టకముందే. ఇంటి పని అయిపోయినంకనే గద, ఉప్పునీళ్ళ పని మొదలువెట్టిన అని నీ గురించి చెప్పిండు."

ఆమెకు ఏం తెల్వది. మొగడు మంచోడని చెప్తాంది. నేను ఆమె చేతిని మెల్లగ ఇడిపిచ్చుకొని లేచిన. చాయ్ తాగి పో అన్నది. బిడ్డ బడికెల్లి వచ్చే యాళ్ళయిందని అబద్ధమాడిన.

ఇంటికొచ్చేవరకు అత్తమ్మ చిక్కుడుకాయ ముంగటేసుకొని ఎడమచేత్తోని తుంచుతాంది. "మంచిగ పలుకరిచ్చినవా? ఏమన్నది పిల్ల?" అన్నది. చెప్పొద్దనే వచ్చిన. ఆటోల దారిపొడుగూత చెప్పొద్దు చెప్పొద్దనే అనుకున్న. కని ఆమె మళ్ల, "పాపం, తెల్వక చేసిన పనికి చచ్చేదాంక కుమిలిండు కావచ్చు" అన్నది. ఇగ నా వల్ల కాలే. కూలర్ సంగతి, ట్రిప్పర్ సంగతి, చెయ్యెత్తిన సంగతి, ఆమె చెప్పింది చెప్పినట్టు అంత చెప్పిన.

 ఇన్నేండ్లు ఆయనను ఎనకేసుకొచ్చిన మనిషి, నా దిక్కు సుత చూడలే. చిక్కుడుకాయ చేతిలనే ఉంది.

"ఇంట్ల మనుషులున్నరు అన్నడా?"

"అన్నడట."

"మరి మన కాడ ఎవలున్నరనుకున్నడే?"